జంట నక్షత్రాల చుట్టూ వంకర తిరిగిన వాయు డిస్క్: చదునవుతుందా, విరుగుతుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. పాలమూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం మీరు ఫాంటమ్‌లో, అంటే వాయువును కణాలుగా విడగొట్టి కదలిక లెక్కగట్టే కంప్యూటర్ కోడ్‌లో, ఒక జంట నక్షత్రాన్ని పెట్టారు. ఒక్కోటి అర సూర్యుడంత బరువు, మధ్య దూరం 10 ఏయూ, కక్ష్య గుండ్రం. ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం. ఆ జంట చుట్టూ 30 నుంచి 200 ఏయూ దాకా వాయు డిస్క్, జంట కక్ష్యా తలానికి 45 డిగ్రీల వాలుతో. మందం నిష్పత్తి (డిస్క్ ఎత్తును దూరంతో భాగించిన సంఖ్య) 0.02, ఆల్ఫా (వాయువు స్నిగ్ధతను, అంటే జిగటను, కొలిచే సంఖ్య) 0.01, కణాలు లక్ష. కొంతకాలానికి డిస్క్ లోపలి వైపు విరిగి రెండు వలయాలైంది. ఇది నిజంగా జరిగేదేనా, లేక కోడ్ చేసిన పొరపాటా, అసలు ఇలాంటి వంకర డిస్క్‌లు చివరికి ఏమవుతాయి అని అడిగారు.

సూటి జవాబు: అంత పలచని డిస్క్ విరగడం సిద్ధాంతానికి విరుద్ధం కాదు. కానీ అంత పలచని డిస్క్ ఆ దూరంలో ఉండదు. దానికి తోడు లక్ష కణాలతో ఆ విరుగుడును నమ్మలేం. మందం నిష్పత్తిని 0.07 దగ్గరికి తెచ్చి, కణాలను పది లక్షలు చేసి మళ్లీ నడిపితే, డిస్క్ విరగకుండా కొద్దిగా వంగి, మొత్తం ఒకటిగా బొంగరం తల తిప్పినట్టు తిరిగే అవకాశమే ఎక్కువ.

ఎందుకో వివరంగా చెబుతాను.

డిస్క్‌ను గట్టి పళ్ళెంలా ఊహించుకుంటే ఇక్కడ ఏదీ అర్థం కాదు. ఒకదాని లోపల ఒకటి పెట్టిన గాజుల్లా ఊహించుకోండి. ప్రతి గాజూ తన మటుకు చదునుగానే ఉంటుంది. కానీ దాని వాలు పక్క గాజు వాలుకు రవ్వంత తేడా. లోపలి నుంచి బయటికి పోయేకొద్దీ ఈ తేడాలు పోగుపడితే అదే వంకర. గాజు ఎంత వాలిందన్నది ఒక కొలత, ఏ దిక్కుకు వాలిందన్నది ఇంకో కొలత. మొదటిదాన్ని వాలు అందాం, రెండోదాన్ని మెలిక అందాం. రెండూ విడివిడిగా మారతాయి. వాలు ఒకేలా ఉండి మెలిక మాత్రమే పెరిగినా డిస్క్ వంకరే.

జంట నక్షత్రం ప్రతి గాజు మీదా టార్క్, అంటే తిప్పే బలం, వేస్తుంది. తిరిగే బొంగరాన్ని నేల వైపు లాగితే అది పడిపోకుండా తల తిప్పినట్టు, గాజు కూడా జంట తలానికి దిగిపోకుండా దాని అక్షం చుట్టూ తల తిప్పుతుంది. ఇదే ప్రిసెషన్. సమాన బరువులున్న జంటకు, జంట దూరానికి మూడు రెట్ల దగ్గర, చిన్న వాలులో, ఒక పూర్తి ప్రిసెషన్‌కు అక్కడి వాయువు 48 చుట్లు తిరగాలి. మీ అమరికలో 30 ఏయూ దగ్గర ఒక చుట్టు 164 ఏళ్లు, కాబట్టి సుమారు 7,900 ఏళ్లు. 45 డిగ్రీల వాలుకు దాన్ని కొసైన్ 45తో భాగించాలి, 11 వేల ఏళ్లు దాటుతుంది. అదే 100 ఏయూ దగ్గర ఏడున్నర లక్షల ఏళ్లు! ప్రిసెషన్ కాలం దూరం యొక్క 3.5 ఘాతంతో పెరుగుతుంది. దూరం రెట్టింపైతే కాలం 11 రెట్లు దాటుతుంది.

అంటే గాజులను వాటి మానాన వదిలేస్తే లోపలివి గబగబా తల తిప్పుతాయి, బయటివి కదలనే కదలవు. మెలిక రోజురోజుకూ బిగుస్తూ పోతుంది. డిస్క్ ముక్కలు కాకుండా ఉండాలంటే లోపల జరిగేదేమిటో బయటి గాజులకు కబురు అందాలి, అదీ సమయానికి అందాలి. సాగర్ ఎడమ కాలువ తూము ఎత్తిన వెంటనే చివరి ఆయకట్టుకు నీళ్లు రావు గదా. ఇక్కడా అంతే. వంకర డిస్క్ భవిష్యత్తు మొత్తం ఈ పోటీలో ఉంది: మెలిక బిగుసుకునే వేగం ఒకవైపు, కబురు చేరే వేగం ఇంకోవైపు.

కబురు ఎలా పోతుంది? ఈ భాగం చాలామంది పైపైన దాటేస్తారు, మీరు దాటకండి, ఎందుకంటే మీ ప్రాజెక్టు అంతా దీని మీదే నిలబడుతుంది. పక్కపక్కన రెండు గాజుల వాలులో తేడా ఉందనుకోండి. వాయువు మధ్య తలం మీద పీడనం ఎక్కువ, పైకీ కిందికీ పోయేకొద్దీ తక్కువ. పక్క గాజు మధ్య తలం మన గాజు కన్నా కాస్త పైకి లేచి ఉన్న చోట, మధ్య తలానికి పైనున్న వాయువును పీడనం ఒక వైపుకు తోస్తుంది, కిందున్న వాయువును దానికి ఎదురు వైపుకు తోస్తుంది. అర చుట్టు తిరిగాక పక్క గాజు మన కన్నా కిందికి పోతుంది, తోపు దిశ తారుమారవుతుంది. ఒక చుట్టుకు ఒకసారి లోపలికీ బయటికీ ఈ ఊపు నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడే కెప్లర్ కక్ష్యల విశేషం. నక్షత్రం చుట్టూ తిరిగే వాయువును లోపలికో బయటికో కాస్త తోస్తే అది ఊగే సహజ కాలం, అది ఒక చుట్టు తిరిగే కాలం, రెండూ ఒకటే. ఉయ్యాల ఎటు ఊగితే అటే సమయానికి తోసినట్టు ప్రతి చుట్టులోనూ తోపు సరిగ్గా కుదురుతుంది. చిన్న వంకరకే పెద్ద ఊపు వస్తుంది. ఆ ఊపే కోణీయ ద్రవ్యవేగాన్ని, అంటే తిరుగుడు మోతాదును, ఒక గాజు నుంచి ఇంకో గాజుకు మోస్తుంది. ఈ ఊపును అదుపులో పెట్టేది స్నిగ్ధత ఒక్కటే. ఆల్ఫా అనే సంఖ్య కొలిచేది దాన్నే.

అందువల్ల రెండు దారులు ఏర్పడ్డాయి.

ఆల్ఫా మందం నిష్పత్తి కన్నా తక్కువైతే వంకర అలలా పోతుంది. ఆ అల వేగం ధ్వని వేగంలో సగం. ఒక సూర్యుడంత బరువు చుట్టూ 100 ఏయూ దగ్గర వాయువు సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. మందం నిష్పత్తి 0.1 అయితే ధ్వని వేగం 0.3, అల వేగం 0.15. ఆ లెక్కన 100 ఏయూ దాటడానికి మూడు వేల ఏళ్ల చిల్లర. అదే వాయువు స్నిగ్ధత వల్ల లోపలికి జారడానికి, ఆల్ఫా 0.001 అయితే, కోటీ యాభై లక్షల ఏళ్లు పైనే కావాలి. ఒక డిస్క్ బతికేది కొన్ని లక్షల నుంచి కొన్ని పదుల లక్షల ఏళ్లు. కాబట్టి వంకర కబురు చేరడం వేరు, పదార్థం చేరడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి "స్నిగ్ధ కాలం ఎక్కువ కాబట్టి వంకర అలాగే ఉండిపోతుంది" అని రాయడం ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ కనబడే తప్పు.

ఆల్ఫా మందం నిష్పత్తిని మించితే వంకర వ్యాపనంగా పోతుంది, నీళ్లలో సిరా పాకినట్టు. 1983లో పాపలోయిజూ, ప్రింగిల్ అనే శాస్త్రవేత్తలు చూపించింది ఏమిటంటే, వంకర పాకే గుణకం మామూలు స్నిగ్ధతను ఆల్ఫా వర్గానికి రెట్టింపుతో భాగించినంత. ఆల్ఫా 0.1 అయితే వంకర పదార్థం కన్నా 50 రెట్లు వేగంగా పాకుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, ఇక్కడ ఆల్ఫా తగ్గేకొద్దీ వంకర త్వరగా చదునవుతుంది. కారణం పైన చెప్పిన ఉయ్యాలే. అడ్డుకునే స్నిగ్ధత తగ్గితే ఊపు పెరుగుతుంది, ఊపు పెరిగితే అది మోసే కోణీయ ద్రవ్యవేగం పెరుగుతుంది. అయితే ఈ సూత్రం చిన్న వంకరలకే. వంకర పెద్దదైతే ఈ గుణకమే మారిపోతుంది, దానికి 1999లో ఓగిల్వీ ఇచ్చిన సిద్ధాంతం చూడాలి. బ్లాక్ హోల్‌ల చుట్టూ ఉండే డిస్క్‌లు తరచూ ఈ దారిలో ఉంటాయి. నక్షత్రాలు పుట్టే చోట ఉండే డిస్క్‌లు మందంగా, తక్కువ స్నిగ్ధతతో ఉంటాయి కాబట్టి దాదాపు ఎప్పుడూ అల దారే.

ఇప్పుడు మీ డిస్క్ సంగతి. అల వేగం, ప్రిసెషన్ వేగం సమానమయ్యే దూరం కన్నా లోపల డిస్క్ విరగొచ్చు. సమాన బరువుల గుండ్రటి జంటకు ఆ దూరం గుండు లెక్కలో ఇలా వస్తుంది: 0.375ను మందం నిష్పత్తితో భాగించి, వర్గమూలం తీసి, జంట దూరంతో గుణించండి. 0.1కి జంట దూరానికి 1.9 రెట్లు, 0.05కి 2.7 రెట్లు, 0.02కి 4.3 రెట్లు, 0.01కి 6.1 రెట్లు. వాలు కోణాన్ని బట్టి ఇది కొంత మారుతుంది, కాబట్టి దశాంశాలను పట్టుకుని వేలాడకండి.

జంట నక్షత్రం తన చుట్టూ రెండు మూడు రెట్ల దూరం దాకా వాయువును ఎలాగూ ఊడ్చేస్తుంది. అంటే 0.05, 0.1 డిస్క్‌లకు విరిగే చోటు ఖాళీలోనే పడిపోతుంది, అక్కడ విరగడానికి వాయువే లేదు. మీ 0.02కి మాత్రం విరిగే చోటు 43 ఏయూ, డిస్క్ లోపలే. కోడ్ విరగ్గొట్టింది అందుకే.

కానీ 43 ఏయూ దగ్గర మందం నిష్పత్తి 0.02 అంటే ఉష్ణోగ్రత ఎంతో చూశారా? ధ్వని వేగం సెకనుకు 90 మీటర్లు. హైడ్రోజన్ అణువుల వాయువుకు అది 2.3 కెల్విన్. విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ వెలుగే 2.7 కెల్విన్. మీ డిస్క్ దానికన్నా చల్లగా ఉంది! అక్కడ నిజంగా ఉండేది 20, 30 కెల్విన్. 0.07 అని పెడితే 28 కెల్విన్ వస్తుంది. అందుకే 0.07 అన్నాను. ఏ అమరిక పెట్టినా ముందు మందం నిష్పత్తిని ఉష్ణోగ్రతలోకి మార్చి చూడండి. ఐదు నిమిషాల పని.

జంట మరీ దగ్గరగా ఉంటే మాట వేరు. 1 ఏయూ జంటకు, 4 ఏయూ దగ్గర మందం నిష్పత్తి 0.03 అంటే దాదాపు 57 కెల్విన్, నమ్మదగిన సంఖ్యే. కాబట్టి దగ్గరి జంటల చుట్టే విరిగే అవకాశం ఎక్కువ. కానీ కక్ష్యా కాలం 20 రోజుల లోపున్న జంటల చుట్టూ కొలిచిన డిస్క్‌లు దాదాపు జంట తలంలోనే పడుకుని కనబడ్డాయి. ఎక్కువ కాలం ఉన్న జంటల దగ్గరే వాలులు రకరకాలుగా ఉన్నాయి. అలాంటి మధ్య రకం జంటల మీద పని చేస్తే మీ ప్రాజెక్టుకు విలువ ఎక్కువ.

ఇక కోడ్ సంగతి. ఫాంటమ్‌లో స్నిగ్ధత, కోడ్ తానుగా కలిపే కృత్రిమ స్నిగ్ధత నుంచి వస్తుంది. అసలు ఆల్ఫా సుమారుగా కృత్రిమ ఆల్ఫాలో పదో వంతు, దాన్ని కణం సున్నితపు పొడవుకూ (ఒక కణం ప్రభావం పరుచుకునే దూరానికీ) డిస్క్ ఎత్తుకూ ఉన్న నిష్పత్తితో గుణించాలి. మీరు ఇన్‌పుట్‌లో 0.01 అని ఇస్తే అది డిస్క్ మొత్తానికి సగటు మాత్రమే. లక్ష కణాలు, 0.02 మందం అంటే 100 ఏయూ దగ్గర ఆ నిష్పత్తి 1 దగ్గర ఉంటుంది. అంటే డిస్క్ మందమంతా ఒక్క కణం పొడవు. లోపలి అంచు దగ్గర, విరిగే చోట వాయువు పలచబడితే అది 3 దాకా పోతుంది, అక్కడ ఆల్ఫా 0.03 అవుతుంది. 0.02ను దాటేసింది చూడండి! మీకు తెలియకుండానే ఆ చోట అల దారి పోయి వ్యాపనం దారి వచ్చింది. పైగా పైకి ఒక వైపు, కిందికి ఇంకో వైపు జరిగే ఊపును ఒకే కణం పొడవులో కోడ్ ఎలా చూపగలదు? కబురు మోసే యంత్రాంగమే అక్కడ లేకుండా పోయింది. కాస్త పలచబడగానే స్నిగ్ధత మారి ఇంకా పలచబడుతుంది, అబద్ధపు విరుగుడు మొదలవుతుంది.

కణం పొడవుకూ డిస్క్ ఎత్తుకూ ఉన్న ఆ నిష్పత్తి డిస్క్ అంతటా 0.5 లోపు ఉండాలి, 0.25 అయితే మేలు. దాన్ని సగం చేయాలంటే కణాలు 8 రెట్లు కావాలి. అదే 0.07 మందానికి పది లక్షల కణాలు పెడితే 0.2 దగ్గరికి వస్తుంది, హాయిగా సరిపోతుంది.

విరిగిందో లేదో తేల్చడానికి బొమ్మ చూసి నిర్ణయించకండి. పైనుంచి చూసిన బొమ్మలో చీకటి గీత ఉంటే అది ఖాళీ కావచ్చు, నీడ కావచ్చు, వంగిన చోటు మనకు పక్కగా కనబడటం కావచ్చు. చేయాల్సింది ఇది. డిస్క్‌ను దూరాన్ని బట్టి 100 నుంచి 300 వలయాలుగా కోయండి. ప్రతి వలయంలో కణాల కోణీయ ద్రవ్యవేగం కూడి దిశ తీయండి. ఆ దిశ జంట అక్షంతో చేసే కోణం వాలు, దాని తిరుగుడు మెలిక. దూరంతో పాటు ఆ దిశ ఎంత త్వరగా మారుతోందో గీయండి. నిజంగా విరిగితే మూడు కలిసి రావాలి: వాలులోనో మెలికలోనో నిటారు మెట్టు, అదే చోట సాంద్రతలో గుంట, ఆ మెట్టుకు అటూ ఇటూ ముక్కలు వేర్వేరు వేగంతో ప్రిసెషన్ చేయడం. మూడోది లేకపోతే అది బాగా వంగిన డిస్క్, విరిగిన డిస్క్ కాదు. తర్వాత కణాలు 8 రెట్లు చేసి మళ్లీ నడపండి. మెట్టు అదే చోట ఉంటే రాసుకోండి, పక్కకు జరిగితే రాయకండి.

రెండు చిన్న పొరపాట్లు కూడా. వాలును కోడ్ జెడ్ అక్షం నుంచి కొలవొద్దు, ఆ క్షణంలో జంటకున్న కోణీయ ద్రవ్యవేగం నుంచి కొలవండి. డిస్క్ బరువుగా ఉంటే జంట కక్ష్య కూడా కదులుతుంది. ఇక మొదట్లో చదునైన డిస్క్‌ను ఉన్నట్టుండి 45 డిగ్రీలు వాల్చి వదిలితే ఒక అల ఝాడించి బయటికి పోతుంది. అది అంచు తాకి తిరిగొచ్చేదాకా కనబడేదంతా మీ అమరిక చేసిన అలజడి, ఆ భాగాన్ని ఫలితాల్లో కలపకండి.

సరే, విరగని డిస్క్ ఏమవుతుంది? అల అటూ ఇటూ తిరిగి, ఆల్ఫా 0.01 అయితే 16 చుట్లలో, 0.001 అయితే 160 చుట్లలో నెమ్మదిస్తుంది. ఇది ఒక్క చోటి లెక్క. బాగా వంగిన చోట ఆ ఊపే పారామెట్రిక్ అస్థిరతను (పెద్ద ఊపు చిన్న చిన్న అలలను పెంచి చెదరడాన్ని) రేపి అలను ఇంకా త్వరగా తినేస్తుంది. ఆ తర్వాత డిస్క్ కొద్దిపాటి వంకరతో ఒకటిగా ప్రిసెషన్ చేస్తూ, మిగిలిన వంకరలో శక్తి కరిగేకొద్దీ మెల్లమెల్లగా జంట తలానికి దిగుతుంది. డిస్క్ చల్లగా ఉంటే, ఆల్ఫా ఎక్కువైతే, లోపలి అంచు జంటకు దగ్గరైతే త్వరగా దిగుతుంది.

జంట కక్ష్య గుండ్రంగా కాక సాగి ఉంటే మాత్రం కథ మారుతుంది. ఎంత సాగిందో చెప్పే సంఖ్య ఉత్కేంద్రత. డిస్క్ జంట తలానికి 90 డిగ్రీల్లో, నిటారుగా స్థిరపడగలదు. ఏ వాలు నుంచి ఆ దారి పడుతుందో తెలియాలంటే, ఒకటి నుంచి ఉత్కేంద్రత వర్గం తీసేయండి, దాన్ని ఒకటికి ఉత్కేంద్రత వర్గం నాలుగు రెట్లు కలిపిన దానితో భాగించండి, వర్గమూలం తీసి ఏ కోణానికి సైన్ అవుతుందో చూడండి. ఉత్కేంద్రత 0.2కి 65 డిగ్రీలు, 0.5కి 38, 0.8కి 18.5. ఇవి డిస్క్ వాలిన దిక్కు అనుకూలంగా ఉన్నప్పటి కనీస కోణాలు. డిస్క్ బరువెక్కువైతే 90కి కాస్త ముందే ఆగుతుంది. హెచ్‌డీ 98800 అనే నాలుగు నక్షత్రాల కుటుంబంలో దీనికి సాక్ష్యం ఉంది. అందులో ఒక జంట 315 రోజులకు ఒకసారి తిరుగుతుంది, ఉత్కేంద్రత 0.785. దాని చుట్టూ ఉన్న డిస్క్ నిటారుగా నిలబడి ఉందని 2019లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుల కొలతలతో తేల్చారు.

విరిగిన డిస్క్‌కు అందరూ చెప్పే ఉదాహరణ జీడబ్ల్యూ ఓరియోనిస్. అది మన మృగశిర నక్షత్రం చుట్టుపక్కలే, దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కంటికి ఆనదు గానీ చలికాలం రాత్రి ఊరి బయట చేల మీద నిలబడితే ఆ దిక్కు ఇట్టే దొరుకుతుంది. మూడు నక్షత్రాలు: రెండు 242 రోజులకు ఒకసారి, మూడోది పదకొండున్నర ఏళ్లకు ఒకసారి తిరుగుతాయి. చుట్టూ 46, 188, 338 ఏయూల దగ్గర మూడు ధూళి వలయాలు. 2020లో రెండు బృందాలు దీని మీద రాశాయి. క్రౌస్ బృందం నక్షత్రాల టార్కే డిస్క్‌ను చించిందంది. బి (Bi) అనే ఇంటిపేరున్న శాస్త్రవేత్త బృందం అది చాలదని, మధ్యలో గ్రహం ఉండొచ్చని అంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. అక్కడి తేడా అంతా మందం నిష్పత్తి, ఆల్ఫా ఎంత పెట్టారన్న చోటే తిరుగుతుంది. ఇవాళ మీ లాప్‌టాప్‌లో వచ్చిన సమస్యే అది.

ఆకాశంలో వంకరను పట్టేది నీడల వల్ల, వేగాల వల్ల. లోపలి డిస్క్ బాగా వాలి ఉంటే బయటి డిస్క్ మీద ఎదురెదురుగా రెండు సన్నటి నీడలు పడతాయి. హెచ్‌డీ 142527 దగ్గర ఆ నీడల నుంచే లోపలి డిస్క్ 70 డిగ్రీలు వాలిందని లెక్కగట్టారు. వాలు కొద్ది డిగ్రీలే అయితే ఒక వైపంతా మసకబారుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఎక్కడ ఎంత వేగంతో కదులుతోందో చూపే వేగపటంలో అయితే మధ్య గీత ఎస్ ఆకారంలో మెలితిరుగుతుంది. కానీ లోపలికి జారే వాయువు కూడా అలాంటి మెలికే చూపిస్తుంది, అది ఒక్కటే చూసి వంకర అనొద్దు.

మళ్లీ నడిపేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి. మొదట 0.07 మందం, పది లక్షల కణాలు, వాలు 45. తర్వాత అదే 0.05తో. ఆ తర్వాత జంట దూరం 1 ఏయూకు తగ్గించి, డిస్క్ 3 నుంచి 20 ఏయూ, మందం 0.03. ఈ మూడోదాంట్లో విరిగితేనే, పైన చెప్పిన మూడు గుర్తులూ ఉంటేనే, 80 లక్షల కణాలకు పొండి. అది మీ లాప్‌టాప్ వల్ల కాదు, యూనివర్సిటీ కంప్యూటర్ అడగండి. ఎండాకాలం కరెంటు పోయే చోట నడుపుతుంటే ఇన్‌పుట్ ఫైల్‌లో ఎన్‌ఫుల్‌డంప్ విలువను 1 చేయండి. మామూలుగా పది ఫైళ్లకు ఒకటే పూర్తి ఫైలు పడుతుంది, మిగతా చిన్న ఫైళ్ల నుంచి రన్ మళ్లీ మొదలవదు. కంప్యూటర్‌లో జాగా ఎక్కువ తింటుంది, కానీ రెండు రోజుల రన్ మొదటికి రాదు.